ఫొటో తీసిన అమ్మాయిని ఫొటోలోకి తెచ్చాను

గ్రూపు ఫొటోలో ఒక లోటు ఎప్పుడూ ఉంటుంది. అది తీసినవాళ్లు అందులో ఉండరు. నల్లగొండ పక్కనే పానగల్లులో, కందూరు చోడుల కాలంలో కట్టిన ఛాయా సోమేశ్వరాలయం ముందు మా పదో తరగతి పిల్లలు వరుసగా నిలబడినప్పుడు ఫోను పట్టుకున్నది తరగతి అమ్మాయే. ఆ తర్వాత ఆమెను అదే మండప స్తంభం పక్కన నిలబెట్టి నేనొక ఫొటో తీశాను. అప్పటికే మిగతావాళ్లంతా బస్సు వైపు వెళ్లిపోయారు. ‘‘సార్, నేను లేకుండానే అచ్చు వేయిస్తారా?’’ అని ఆమె అడిగాక రెండు ఫొటోలనూ ఒకటి చేయాల్సిందే అనుకున్నాను.

మా పాఠశాల కంప్యూటర్లో గింప్ ఉంది. 1996 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు ఇది. పాత వెర్షన్‌లో కంట్రోల్ సి, కంట్రోల్ వి నొక్కి అతికించిన ముక్క బొమ్మ మీద తేలుతూ ఉంటుంది. దాన్ని కింది లేయరులో, అంటే కింది పొరలో కలిపేయాలి, లేదా కొత్త లేయరుగా మార్చాలి. అంతవరకూ వేరే లేయరు మీద పని సాగదు. కొత్త లేయరుగా మార్చడమే మేలు, కలిపేస్తే తర్వాత కదపలేం. 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి ఈ బాధ లేదు, అతికించినది నేరుగా కొత్త లేయరై కూర్చుంటుంది.

చాలామంది మనిషి చుట్టూ గీత గీసి, కత్తిరించి, రెండో ఫొటోలో పెడతారు. అలా తెచ్చిన మనిషి నేలకు ఆనడు. జుట్టు అంచున తెల్లటి గీత కనిపిస్తుంది, కాళ్ల కింద నీడ ఉండదు. అందుకే నేను అమ్మాయిని కత్తిరించలేదు, ఆమె ఉన్న ఫొటో మొత్తాన్నీ గ్రూపు ఫొటో మీద కొత్త లేయరుగా పరిచాను. దాని ఒపాసిటీ 50 శాతానికి తగ్గిస్తే కింది ఫొటో కూడా లీలగా కనిపించింది. రెండింటిలోనూ ఉన్నది ఆ స్తంభమే. నేను కాస్త దగ్గర నుంచి తీసినందువల్ల నా ఫొటోలో స్తంభం లావుగా ఉంది. స్తంభం మీద స్తంభం, నేల మీది రాళ్ల అతుకుల మీద అతుకులు పడేదాకా పై లేయరును తగ్గిస్తూ, జరుపుతూ పోయాను. స్తంభం సరిపోయిందంటే, పక్కనే నిలబడిన అమ్మాయి ఎత్తు కూడా సరిపోయినట్టే.

తర్వాత ఒపాసిటీ మళ్లీ పూర్తిగా పెంచి, ఆ లేయరుకు నల్లటి మాస్కు వేశాను. మాస్కులో నలుపు దాచేస్తుంది, తెలుపు చూపిస్తుంది. అంచులు మెత్తగా ఉండే బ్రష్షుతో ఆమె ఉన్నచోట తెలుపు పూస్తుంటే మొదట రిబ్బన్లు కట్టిన జడలు, తర్వాత భుజాలు, పట్టీలు పెట్టుకున్న కాళ్లు బయటపడ్డాయి. వెంట్రుకల దగ్గర బ్రష్షును కొంచెం బయటికి పోనిచ్చాను. వెనుక ఉన్నది అదే రాతిగోడ కనుక అతుకు తెలియలేదు. పాదాల చుట్టూ నేలను కూడా పూసేసరికి ఆమె నీడ ఆమెతోనే వచ్చింది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే: మనిషితో పాటు ఆమె నిలబడిన చోటు కూడా వస్తుంది.

అసలు కష్టం వెలుతురుతో వచ్చింది. గర్భగుడిలో పగలంతా నీడ చెదరకుండా నిలిచి ఉండే గుడి అది. బయట మాత్రం ఎండ ఎక్కడిలాగే మారుతూ ఉంటుంది, నేను తీసేసరికి మబ్బు కమ్మింది. దాంతో ఆమె నీడ పలచగా, ముఖం కాస్త నీలిగా వచ్చింది. కలర్ టెంపరేచర్‌ను వెచ్చని రంగు వైపు జరిపి, వెలుగునీడలను సవరించే కర్వ్స్‌లో వెలుగు భాగాన్ని కొంచెం పైకి లేపాను. నీడ కోసం వేరే లేయరు తెరిచి, దాన్ని కింది రంగును ముదురు చేసే మల్టిప్లై పద్ధతిలో పెట్టి, పక్క పిల్లల నీడలు ఎటు పడ్డాయో చూసుకుంటూ పలచని బూడిదరంగు పూశాను. నల్లరంగు వాడితే నీడ మసిలా కనిపిస్తుంది.

12×18 అంగుళాల ప్రింటు కావాలి, అంటే మూడుకు రెండు నిష్పత్తి. ఫోను ఫొటో నాలుగుకు మూడు నిష్పత్తిలో ఉంటుంది కనుక పైన ఆకాశం కొంత పోయింది. లేయర్లన్నీ మిగిలేలా గింప్ సొంత ఫైలు రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుని, క్లాక్ టవర్ దగ్గర స్టూడియోకు జేపెగ్ ఇచ్చాను.

పిల్లలు అంతటితో ఊరుకోలేదు. జ్వరం వచ్చి ఆ రోజు రాలేకపోయిన స్నేహితుణ్ని కూడా వాళ్లు అతికించమన్నారు. నేను ఒప్పుకోలేదు. అమ్మాయి ఆ పూట అక్కడ ఉంది, ఆ ఫొటో తీసిందే ఆమె. అబ్బాయి లేడు. వచ్చినట్టు చూపిస్తే పదేళ్ల తర్వాత వాళ్లే ఆ రోజును తప్పుగా గుర్తుపెట్టుకుంటారు. ప్రింటు కింద పేర్ల వరుస ఎలాగూ వేయాలి. అందులో ‘రాలేకపోయినవారు’ అని రాసి, అతని పేరు మిగతావాటితో సమానమైన అక్షరాల్లోనే వేయించాను.