బైపాస్ అయిన మనిషిని మంచానికి కట్టేయకండి

నాన్నకి బైపాస్ అయి ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, "కదలనివ్వకమ్మా, గుండె ఆపరేషన్ అంటే మాటలా!" అని. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాట విని మనిషిని పొద్దస్తమానం పడుకోబెడితే కీడే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, కండ కరిగి మనిషి నీరసించిపోతాడు. అందుకే ఆస్పత్రిలో ఇంకా కుట్లు పచ్చిగా ఉండగానే లేపి నాలుగడుగులు వేయిస్తారు.

మూడు బంతులున్న ఒక ప్లాస్టిక్ డబ్బా కూడా ఇచ్చి పంపుతారు కదా, స్పైరోమీటర్ అని. దాన్ని చాలామంది ఊదుతారు. ఊదకూడదండీ, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి నెమ్మదిగా లోపలికి పీల్చాలి, బంతులు లేచాక రెండు మూడు సెకన్లు అలాగే బిగబట్టాలి. దగ్గొస్తే ఛాతీకి దిండు గట్టిగా హత్తుకుని దగ్గాలి, నొప్పని దగ్గు ఆపుకోకూడదు.

జాగ్రత్త పడాల్సింది నడక విషయంలో కాదు, చేతుల విషయంలో. రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో కడతారు, అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా నీళ్ల బిందె ఎత్తడం, మనవణ్ణి చంకనెత్తుకోవడం, చేతులు ఆన్చి మంచం మీంచి లేవడం, బండి నడపడం, ఇవేవీ వద్దు. పక్కకి తిరిగి, కాళ్లు కిందికి దించి, అప్పుడు లేవాలి.

నడక మాత్రం ఇంట్లోనే ఐదేసి నిమిషాలు, రోజుకి రెండు మూడు సార్లు మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగమే, మాట తెగిపోతుంటే తగ్గించాలి. పల్స్ చూసుకుని నడుద్దాం అనుకోకండి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి ఎంత నడిచినా అది పెద్దగా పెరగదు. ఛాతీలో బిగింపు, కళ్లు తిరగడం, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగిపోవాలి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆపరేషన్ తర్వాత మనసు కుంగిపోవడం చాలా మామూలు. ఎప్పుడూ గంభీరంగా ఉండే నాన్న ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే మా అమ్మ బెంబేలెత్తిపోయింది. అది వారాల తరబడి పోకపోతే డాక్టర్‌కి చెప్పాలి, దాచుకునే విషయం కాదు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మన దగ్గర పేదవాళ్లకి కూడా గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది, అది చిన్న విషయం కాదు. కానీ డిశ్చార్జ్ అయ్యాక నడిపించేవాళ్లు, వ్యాయామం నేర్పేవాళ్లు కూడా అంతే అవసరం, అక్కడే మనం బాగా వెనకబడి ఉన్నాం. బైపాస్ రక్తానికి కొత్త దారి వేస్తుందే గానీ, నాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బుని తీసెయ్యదు.

అందుకే నడక మానకూడదు. అసలు ఒంటికి కదలిక ఉంటే గుండెకి మంచిదన్న సంగతి ఎప్పుడో తేలింది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి జెర్రీ మోరిస్ అనే డాక్టర్ 1953లో ప్రచురించాడు: రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు బాగా తక్కువ. ఇప్పుడు మనలో ఎక్కువమందిమి ఆ డ్రైవర్లలాగే బతుకుతున్నాం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

నాన్నకి 55 లోపు, అమ్మకి 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే మీకూ ముప్పు ఎక్కువే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఈ నెలలోనే చూపించుకోండి, నడక మాత్రం ఆ రిపోర్టుల కోసం ఆగక్కర్లేదు.