మన సోషల్ మేడమ్ డిబేట్లు, మా ఇంట్లో వాదనలు

మన కర్నూలు స్కూల్ రోజుల గురించి రాయమంటే చానామంది కొండారెడ్డి బురుజు, ఉగ్గాని బజ్జీ రాస్తారని తెలుసు, నాకైతే మన సోషల్ మేడమ్ పెట్టిన డిబేట్ల గురించే రాయాలనిపించింది, ఇద్దరు కూతుర్లను పెంచుతా ఉంటే రోజూ పనికొస్తాండేది అదే.

శ్రీబాగ్ ఒడంబడిక పాఠం గుర్తుందా? 1937 నవంబర్‌లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తావాళ్ళు, సీమవాళ్ళు కూర్చుని రాసుకున్నారు, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమదే అని. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మన కర్నూలుకు రాజధాని వచ్చింది, మరుసటేడు హైకోర్టు గుంటూరుకు పోయింది. మేడమ్ క్లాసును రెండు చేసి, మీరైతే ఏది అడుగుతారే అన్నారు. షరతు ఒకటే. అవతలి పిల్ల చెప్పింది ముందు నీ నోటితో చెప్పాల, ఆ పిల్ల "ఆ, నేనన్నది అదే" అన్నాకే నీ మాట. సగంలో పక్షాలు మార్చేవారు, రాజధాని అని గొంతు చించుకున్నదే హైకోర్టు కోసం వాదించాల. ఏడుపొస్తే నీళ్ళు తాగొచ్చి చెప్పమనేవారు, వదిలేవారు కాదు.

ఆడపిల్లలకు ఇది ఎవరు నేర్పిస్తారు చెప్పండి, ఎదురు చెప్పొద్దు అనే కదా అందరూ అనేది. ఆ మింగిన మాట ఊరికే పోదు, మూతి ముడుచుకోవడమో, పక్కింట్లో చెప్పుకోవడమో అయి బయటికొస్తాది. అందుకే మా ఇంట్లో నచ్చకపోతే ఆ మనిషికే చెప్పాల, "నువ్వెప్పుడూ ఇంతే" అనకూడదు, కోపమెక్కువుంటే అరగంటాగి మాట్లాడ్తా అని చెప్పిపోవచ్చు. అరిచినందుకు సారీ చెప్పాల, వేరే అభిప్రాయం ఉన్నందుకు మాత్రం అక్కర్లేదు, ఇది నేను గట్టిగా చెప్తా. కొట్టేవాళ్ళు, భయపెట్టేవాళ్ళ దగ్గర ఇవేవీ వద్దు, లేచి వచ్చేయాల, పెద్దోళ్ళకు చెప్పాల, లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల.

పెద్దది టెన్త్. ఇంటర్లో ఎంపీసీ వద్దు, హెచ్ఈసీ తీసుకుంటా అంటాంది, వాళ్ళ నాన్నకు ఇష్టం లేదు. మొన్న అన్నం తినేటప్పుడు "నాన్నా, రేపు జాబ్ దొరకదని కదా నీ భయం" అనింది. ఆయన కాసేపాగి, "అదొకటే కాదమ్మా, మీ అత్త కూడా ఆర్ట్స్ చదివి ఇంట్లోనే ఉండిపోయింది, నీకట్లా కాకూడదని" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకూ చెప్పలేదు ఆయన. గ్రూప్ ఏదో ఇంకా తేలలేదు, అడ్మిషన్లకు టైమ్ ఉంది, ఇద్దరూ మాట్లాడుకుంటానే ఉన్నారు.