కుందేళ్ల జతకు ఆపరేషన్: నెల్లూరు నుంచి నా అనుభవం

ఇంట్లో కుందేలు ఈనిందంటే మగదాన్ని ఆ పూటే వేరే పెట్టాలి. పిల్లల ముచ్చట, ఫొటోలు, చూడటానికొచ్చే చుట్టాలు, అన్నీ ఆ తర్వాతే. ఆవుకో కుక్కకో ఉన్నట్టు కుందేలుకు ఎదకొచ్చే రోజులంటూ విడిగా ఉండవు. మగది కలిస్తేనే అండం విడుదలవుతుంది. అందుకే ఈనిన కొన్ని గంటల్లోనే అది మళ్లీ చూలు కట్టగలదు. మోసేది నెల రోజులే కాబట్టి, మొదటి పిల్లలు పాలు మరవకముందే రెండో ఈత వచ్చి పడుతుంది. ఆ తల్లి ఒళ్లు ఏమవుతుందో ఆలోచించండి.

మాది నెల్లూరులో వేదాయపాలెం వైపు. మా పాప పోరితే ఒక షాపులో జత తెచ్చాం, ఆరొందలకు. "రెండూ ఆడవేనమ్మా, ఏ గొడవా ఉండదు" అని చెప్పి ఇచ్చాడు షాపతను. తెల్లదానికి దూది, నల్లదానికి కాటుక అని పాపే పేర్లు పెట్టింది. కార్తీకమాసం వానల్లో ఒక సాయంత్రం చూస్తే దూది తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుంటూ, నోటి నిండా ఎండుగడ్డి కరుచుకుని ఒక మూలకు మోస్తోంది. మా పిన్ని కూతురు తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. వీడియో పంపితే వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, అది ఈనబోతా ఉంది. ఆ నల్లదాన్ని తిప్పి పట్టుకుని చూపించు." చూపించాను. "మగదే. ఇప్పుడే తీసెయ్. తెల్లారేదాకా ఆగొద్దు."

కాటుకను వెనక గదిలో పాత కోళ్ల గూట్లోకి మార్చాం. రాత్రంతా కాలు నేలకేసి కొడుతూనే ఉన్నాడు. తెల్లవారేసరికి దూది గూట్లో బొచ్చు కింద నాలుగు పిల్లలు. ఒంటి మీద వెంట్రుక లేదు, కళ్లు తెరవలేదు. అత్తమ్మకు ఒకటే బెంగ, "తల్లి పిల్లల దగ్గరికే పోవట్లేదే, ఆవుపాలు పట్టకూడదా?" అని. పట్టకూడదు. తల్లి కుందేలు రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొన్ని నిమిషాలే పాలిస్తుంది, ఎక్కువగా మనం నిద్రపోయే వేళ. అడవిలో పిల్లల జాడ ఎవరికీ తెలియకుండా దూరంగా ఉండటం దాని స్వభావం. పొద్దున్నే పిల్లల పొట్ట చూడాలి. గుండ్రంగా, బిగుతుగా ఉంటే కడుపు నిండినట్టే. ముడతలు పడి ఉంటే అప్పుడు కంగారు పడాలి. మా పిల్లల పొట్టలు రోజూ నిండే ఉన్నాయి. పది పన్నెండు రోజులకు కళ్లు తెరిచాయి.

ఇక మళ్లీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే డాక్టరు వేట. మా మామయ్యది కోవూరు దగ్గర పల్లె. ఆయన తేలిగ్గా అనేశారు, "ఎద్దులకు విత్తులు కొట్టించట్లా? పశువుల ఆస్పత్రికి తీసకపో, నిమిషంలో పని." ఎద్దుకు కోత లేకుండా పైనుంచే పటకారుతో నరం నొక్కుతారు. కుందేలుకు అలా కుదరదు, మత్తు ఇచ్చి కోయాలి. అసలు భయం కోతతో కాదు, ఆ మత్తుతోనే. పశువుల ఆస్పత్రి డాక్టరుగారు ఓపిగ్గా విని, "గొర్రెలు, గేదెలు ఎన్నైనా చూస్తాను గానీ కుందేలుకు మత్తు ఇవ్వడం నాకు అలవాటు లేదమ్మా. చేసి చేసి చెయ్యి తిరిగిన వాళ్ల దగ్గరికి వెళ్లండి" అన్నారు. ఆ మాట చెప్పినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. ఇంకొక ప్రైవేటు క్లినిక్‌లో అయితే, ముందురోజు రాత్రి నుంచి మేత, నీళ్లు ఆపేసి తీసుకురమ్మన్నారు. ఆ ఒక్క మాటతో అక్కడికి వెళ్లడం మానేశాం. కుక్క, పిల్లి మత్తులో వాంతి చేసుకుంటాయని కడుపు మాడుస్తారు. కుందేలు అసలు వాంతి చేసుకోలేదు. పైగా దాని పేగు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. ఖాళీ అయి ఆగిపోతే ఆపరేషన్ బాగా జరిగినా ప్రాణం పోవచ్చు.

చివరికి చెన్నైలో కుందేళ్లకు తరచూ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ ఒకరు దొరికారు. ఫోన్లోనే అన్నీ అడిగాను. నెలకు ఎన్ని కుందేళ్లకు చేస్తారు, ఏ మత్తు ఇస్తారు, నొప్పికి ఏమిస్తారు, మేత ఎప్పుడు ఆపాలి? విసుక్కోకుండా చెప్పారు. మత్తుకు ముందు ఒక సూది, తర్వాత ఐసోఫ్లురేన్ గ్యాస్. మేత ఆపనే కూడదు, అది ఇష్టంగా తినే ఆకు వెంట తెచ్చుకోండి, తెలివి రాగానే ముందు పెట్టాలి అన్నారు. నొప్పికి మెలోక్సికామ్. అమోక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా పొరపాటున కూడా వేయొద్దన్నారు. అవి కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవులను చంపేస్తాయి, విరేచనాలు పట్టుకుని చచ్చిపోతుంది. మనం వాడగా మిగిలిన ఇలాంటి యాంటీబయాటిక్ మందులు ఇంట్లో ఉంటాయి చూడండి, అవే దానికి విషం. ఇది ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి.

డిసెంబరులో చల్లటి రోజు చూసుకుని కారులో బయల్దేరాం. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా దారి పొడుగునా బుట్టలో కొత్తిమీర కట్ట పెడుతూనే ఉన్నాం. డాక్టరమ్మ ముందు తూకం వేశారు, గుండె చూశారు, పళ్లు కూడా చూశారు. మగ కుందేలుకు పొత్తికడుపు నుంచి వృషణాల సంచిలోకి దారి పెద్దయ్యాక కూడా మూసుకోదట. అందుకే అది భయపడితే వృషణాలను పైకి లాగేసుకుంటుంది. ఆ దారిలోంచి పేగు జారకుండా కట్టుదిట్టంగా ముడి వేయాలి, ఈ సంగతి తెలిసినవాళ్లే చేయాలి అని కాగితం మీద గీసి చూపించారు. పనంతా అయ్యి కాటుక చేతికొచ్చేసరికి గంటన్నర. కుట్లు కొరుక్కోకుండా మెడకు కట్టే గరాటు మాత్రం కట్టలేదు. కుందేలు రాత్రిపూట తాను వేసే మెత్తటి పెంటికలను నేరుగా నోటితో అందుకుని తినేస్తుంది, దాని ఒంటికి కావాల్సిన విటమిన్లు అందులోనే ఉంటాయి. గరాటు కడితే అది అందదు.

ఆ రాత్రి గురించి కాస్త వివరంగా చెప్పాలి. గూట్లో ఊకా రంపపుపొట్టూ తీసేసి ఉతికిన తువ్వాళ్లు పరిచాం, కుట్ల మీద దుమ్ము పడకుండా. పుదీనా, ముల్లంగి ఆకు, గరిక వరసగా పెట్టాను. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. పళ్లు కొరుకుతూ ఒళ్లు ముడుచుకుని కూర్చున్నాడు, అంటే నొప్పిగా ఉన్నట్టు. డాక్టరమ్మ చెప్పిన వేళకు మెలోక్సికామ్ చుక్కలు చెంప పక్కనుంచి వేశాను. తర్వాత పెల్లెట్లు, అంటే గుళికల మేత, నీళ్లలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెంగా పట్టించాను. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది ఎమర్జెన్సీ, మర్నాడు చూద్దాంలే అనుకోకూడదు. తెల్లవారుజామున తువ్వాలు మీద నాలుగైదు పెంటికలు కనిపించాయి. మామూలుగా సెనగగింజంత ఉండేవి, ఆ పూట మిరియాలంతే. అయినా మా ఆయన్ని లేపి మరీ చూపించాను. పొద్దెక్కేసరికి కొత్తిమీర కాడ చివరినుంచి నములుతూ కూర్చున్నాడు.

ఆపరేషన్ అయిపోయింది కదా, ఇద్దరినీ కలిపేయొచ్చని ఇంట్లో అందరూ అన్నారు. వద్దని గట్టిగా నిలబడ్డాను. వృషణాలు తీసేసినా నాళాల్లో మిగిలిన వీర్యం నాలుగు నుంచి ఆరు వారాల దాకా పనిచేస్తుంది. ఎంతోమంది ఇళ్లలో "ఆపరేషన్ చేయించినా పిల్లలు పుట్టాయి" అనే మాట వచ్చేది ఇక్కడే. మేం ఆరు వారాలూ ఆగాం. పండగొచ్చి వెళ్లింది. కాటుక గూటి బయటికి ఉచ్చ చిమ్మడం తగ్గింది, కాళ్ల చుట్టూ గుర్రు గుర్రుమంటూ తిరగడం మానేశాడు.

పిల్లలు ఎనిమిది వారాలు తల్లి దగ్గరే పెరిగాయి. మా చెల్లెలు వీడియోలో చూసి రెండు ఆడ, రెండు మగ అని తేల్చింది. మూడు నెలలు నిండేలోపు మగపిల్లల్ని తల్లి నుంచీ అక్కచెల్లెళ్ల నుంచీ విడదీయకపోతే వాటిలో అవే కట్టుకుంటాయి. ఇవ్వడానికి మనుషుల్ని వెతకడం ఆపరేషన్ కంటే కష్టమైంది. "పెంచి కూర చేసుకుంటాం" అని ముఖం మీదే అడిగిన వాళ్లున్నారు. వాళ్లకు ఇవ్వలేదు. ఆడపిల్లలు రెండూ కలిసి ఒంగోలులో ఒకే ఇంటికి వెళ్లాయి. మగవాటిలో ఒకటి స్టోన్‌హౌస్‌పేటకు, ఒకటి కావలికి. వయసుకు రాగానే ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకునే ఇచ్చాను.

మగదానికి చేయించాక దూదికి ఎందుకు, అంత ఖర్చు దేనికి అని చుట్టాలు అడిగారు. ఖర్చు నిజమే, ఆడదానికి పొట్ట కోయాలి కాబట్టి ఇంచుమించు రెట్టింపైంది. ఆరొందల జతకు వేలా అని అంటే నేనేం చెప్పను? ఇంట్లోకి తెచ్చుకున్న ప్రాణానికి కొన్న ధరతో లెక్క కట్టకూడదని నా నమ్మకం. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లలో వయసు పైబడేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. దానికి తోడు చూలు లేకపోయినా ఉన్నట్టు బొచ్చు పీక్కోవడం, చెయ్యి పెడితే మీదికి దూకడం. పాలు పూర్తిగా ఇంకాక, శివరాత్రి లోపల చేయించేశాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, మా నెల్లూరులో ఆ తర్వాత ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ముప్ఫై డిగ్రీలు దాటితేనే కుందేలు ఆయాసపడుతుంది. పచ్చి కుట్లతో ఆ ఎండలో దాన్ని పెట్టలేను. దూది కోలుకోవడానికి కాటుక కంటే ఎక్కువ రోజులు పట్టింది, సిరంజితో తినిపించడమూ ఎక్కువే అయింది.

ఇక కలపడం. ఒకప్పుడు జతే కదా అని ఒక గూట్లో వదిలేస్తే చెవులు చీరుకునేదాకా కొట్టుకుంటాయి. ఇన్నాళ్లు విడిగా ఉన్నాక ఒకదానికొకటి కొత్తే. ముందు గూళ్లు పక్కపక్కన, మధ్యలో జానెడు ఖాళీ వదిలి పెట్టాం. దీని తువ్వాలు దానికి, దాని తువ్వాలు దీనికి మార్చేదాన్ని. ఇనుప చువ్వలకు అటూ ఇటూ ఆనుకుని పడుకోవడం మొదలయ్యాక, రెండూ ఎప్పుడూ తిరగని మేడ మెట్ల దగ్గర పాత దుప్పటి పరిచి కొన్ని నిమిషాలు వదిలాం. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని పక్కనే కూర్చున్నా. కాటుక ఎక్కబోయాడు, దూది తోసేసింది. అది పర్లేదు. చెవులు వెనక్కి అతికించి తోక లేపితే మాత్రం ఆ క్షణమే విడదీయాలి. రోజూ కాస్త కాస్త పెంచుతూ పోయాం. ఒక రోజు దూది తల నేలకు ఆనించి ముందుకు చాపింది, కాటుక దాని నుదురు నాకాడు. అప్పుడు నమ్మకం కుదిరింది. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు రాత్రిళ్లు విడిగానే ఉంచి, గూడంతా వెనిగర్ నీళ్లతో తుడిచి, సామాన్లు కొత్తగా సర్ది, ఇద్దరినీ ఒకేసారి లోపల పెట్టాం.

కావలి వాళ్ల మగపిల్లకు ఇప్పుడు నాలుగో నెల, వృషణాలు దిగాయని ఫొటో పంపారు. ఎండలు ముదరకముందే వచ్చే వారం చెన్నైకి తీసుకెళ్తున్నారు. రాత్రంతా మేత పెట్టి, పొద్దున కొత్తిమీర కట్టలు వెంట పెట్టుకుని బయల్దేరమని చెప్పాను. డాక్టరమ్మను అడగాల్సిన ప్రశ్నలన్నీ రాసి పంపాను.