సెకండ్ గేర్ ఊరికి సెకండ్ హ్యాండ్ పోలో

నేను సెకండ్ హ్యాండ్ ఫోక్స్‌వ్యాగన్ పోలో కొన్నా. బెంగళూరులో రోజూ ఆఫీసుకి పోయి రావడానికి హాట్ హ్యాచ్ (అంటే చిన్న కారుకి బలమైన ఇంజిన్) ఎందుకురా, ఆ డబ్బులకి కాంపాక్ట్ ఎస్‌యూవీ ఆటోమేటిక్ వస్తుంది కదా అని అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. పైగా ఈ మధ్య మన అనంతపురం, కడప వైపు పిల్లోళ్లు కొందరు "అన్నా, మేం కూడా పోలోనే చూస్తున్నాం, ఏమేం చెక్ చేసుకోవాలి" అని అడుగుతున్నారు, వాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక మాట. మన దేశంలో హాట్ హ్యాచ్ అంటే నిజానికి కాస్త వెచ్చటి హ్యాచే. అసలైన పోలో జీటీఐ 2016లో వచ్చింది, 1.8 లీటర్ ఇంజిన్, 192 పీఎస్ (అంటే దాదాపు అన్ని గుర్రాల బలం), రెండే తలుపులు, పాతిక లక్షల పైన రేటు, ఎవరు కొంటారు. ఫియట్ వాళ్ల అబార్త్ పుంటో 145 గుర్రాలతో 2015లో వచ్చింది, దాన్ని నడిపినవాళ్లు ఇప్పటికీ కలవరిస్తుంటారు, కానీ ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేశాక ఒక చిన్న పార్ట్ కోసం కూడా ఊరంతా తిరగాల్సిందే, రోజువారీ బండికి అది మనవల్ల కాదు. బలెనో ఆర్‌ఎస్ 2017లో వచ్చింది, 102 పీఎస్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, మంచి బండే, 2020లో ఆపేశారు, మామూలు బలెనో పార్ట్స్ అన్నీ దొరుకుతాయి గానీ ఆ బూస్టర్‌జెట్ టర్బో ఇంజిన్ పార్ట్స్ దగ్గరే చిక్కు. ఐ20 ఎన్ లైన్ ఉంది, 120 పీఎస్, కానీ నేను చూసినప్పుడు మాన్యువల్‌వి నా బడ్జెట్‌లో దొరకలేదు. తిరిగి తిరిగి పోలో దగ్గరికే వచ్చా.

పోలోలో కూడా రెండు రకాలు. ఒకటి పాత జీటీ టీఎస్‌ఐ, 1.2 లీటర్ టర్బో, 105 పీఎస్, దానికి 7 గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఇంకోటి 2020లో బీఎస్6తో వచ్చిన 1.0 టీఎస్‌ఐ, మూడు సిలిండర్లు, 110 పీఎస్, 175 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం), 6 గేర్ల మాన్యువల్ గానీ టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గానీ. డీఎస్‌జీ నడిపితే గేర్ మారిన సంగతే తెలీదు, అంత బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ అది డ్రై క్లచ్, అంటే చల్లబరచడానికి లోపల ఆయిల్ ఉండదు, సిల్క్ బోర్డ్ దగ్గర అడుగు ముందుకి, ఆగు, మళ్లీ అడుగు అనే ట్రాఫిక్‌లో ఆ క్లచ్‌లు సగం పట్టి సగం జారుతూ వేడెక్కుతూనే ఉంటాయి. ఫస్ట్ నుంచి సెకండ్‌కి పడేటప్పుడు బండి వణుకుతోందంటే క్లచ్ ప్యాక్ అరిగి ఉండొచ్చు, గేర్ డాష్‌బోర్డ్ మీద మిణుకుమిణుకుమంటే మెకట్రానిక్స్, అంటే గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్ పోయి ఉండొచ్చు, రెండింట్లో ఏది పోయినా బిల్లు లక్షల్లో మాట్లాడుతుంది. అందుకని 1.0 మాన్యువల్. ఎడమ మోకాలు నొప్పి పుడుతుంది నిజమే, కానీ మోకాలికి అమృతాంజన్ చవకే.

ఇక వెతుకులాట. బెంగళూరులో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఒక్క తారీఖు గుర్తుపెట్టుకోండి, 2022 సెప్టెంబర్. అప్పుడు బెల్లందూరు, యమలూరు, సర్జాపూర్ రోడ్డు వైపు బేస్‌మెంట్లు నిండిపోయి కార్లు మునిగిపోయిన ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. ఆ కార్లన్నీ ఏమయ్యాయనుకున్నారు, తుక్కుకి పోయినవి కొన్ని, కడిగి తుడిచి మళ్లీ మార్కెట్‌కి వచ్చినవి కొన్ని. నేను చూసిన ఒక తెల్ల పోలో బయటకి మెరిసిపోతోంది, లోపల సీట్ కవర్లు కొత్తవి, ఏసీ వెంట్‌కి సెంటు డబ్బా తగిలించి ఉంది, అదొక్కటే కొంచెం ఎక్కువైంది అనిపించింది. డ్రైవర్ సీట్ బెల్టు మామూలుగా కట్టుకునేంత కాకుండా చివరిదాకా, ఇంక రాదు అనేదాకా లాగాను. ఆఖరి జానెడు బెల్టు గోధుమరంగులో గట్టిపడి అట్టలాగా ఉంది, గోరుతో గీకితే సన్నటి మట్టి రాలింది. అదేందన్నా అంటే "పిల్లలు కాఫీ పోశారు సార్" అన్నాడు డీలరు. పిల్లర్ లోపలికి చుట్టుకుని ఉండే బెల్టు మీద కాఫీ పోసిన ఆ పిల్లల్ని ఒకసారి చూడాలనిపించింది.

ఇంకో బండి మీటర్ 38 వేలు చూపిస్తోంది, 2021 మోడల్. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం, 1421 అంటే 2021లో 14వ వారం తయారైనట్టు. ఈ బండికి నాలుగు టైర్లూ 2023వి. 38 వేలకి సెట్ మొత్తం మార్చి ఏడాదిపైనే అయిందా అని డౌటొచ్చి, నాతో వచ్చిన మెకానిక్ అన్న స్కానర్ పెట్టాడు. ఈయనది మదనపల్లె, బొమ్మనహళ్లిలో షెడ్డు, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలే ఎక్కువ చేస్తాడు. ఈ బండ్లలో ఏదైనా ఫాల్ట్ నమోదైతే దాంతోపాటు అప్పటి కిలోమీటర్లు కూడా నమోదవుతాయి. పాత ఫాల్ట్ ఒకటి 61 వేల దగ్గర పడి ఉంది. అన్న స్క్రీన్ నావైపు తిప్పి, ఓనర్‌కి వినపడకుండా, "తమ్ముడూ, బండికి వయసు తగ్గుతాంది, మనం పోదాం పా" అన్నాడు. మీటర్ తిప్పినవాడు బండిలో ఉండే అన్ని కంప్యూటర్ మాడ్యూళ్లలోకీ పోయి తిప్పే ఓపిక పెట్టడు, అక్కడే దొరికిపోతాడు. స్కాన్‌కి అయ్యే వెయ్యో రెండువేలో దగ్గర మాత్రం లోభం చూపకండి.

చివరికి దొరికింది జేపీ నగర్‌లో, కేఏ-05 రిజిస్ట్రేషన్, ఎర్ర రంగు, ఒక్క ఓనరు. ఆయనది నెల్లూరు, పెద్దాయన, ఇంట్లో రెండో కారుగా వాడుకున్నాడు. సర్వీస్ బిల్లులు ప్లాస్టిక్ కవర్లో తేదీల వారీగా పెట్టి ఉంచాడు, అది చూడగానే సగం మనసు అక్కడే ఆగిపోయింది, మొహంలో తెలియనివ్వకుండా బోనెట్ బోల్టులు చూస్తున్నట్టు నటించా. బోల్టుల మీద పెయింట్ చెక్కుచెదరకుండా ఉంటే ఎవరూ విప్పలేదని అర్థం. "నువ్వు బేరం ఆడేది ఆడు తమ్ముడూ, కానీ నా బండికి వంక మాత్రం పెట్టొద్దు" అన్నాడు. పెట్టలేదు. 7 లక్షల 90 చెప్తే 7 లక్షల 60కి తెగింది.

ఆంధ్రా బండి అయితే చవగ్గా వస్తుంది కదా అని అందరూ అడుగుతారు. వస్తుంది, కానీ ఇక్కడే ఉండేవాళ్లైతే అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని కర్ణాటక లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, దేశంలో ఎక్కువ ట్యాక్స్ గుంజే రాష్ట్రాల్లో ఇదొకటి, మిగిలిందనుకున్నది అంతా అక్కడికే పోతుంది. రిజిస్ట్రేషన్ మార్చుకోవడానికి చట్ట ప్రకారం 12 నెలలు టైముంది గానీ రోడ్డు మీద ఆపినప్పుడు నువ్వు వచ్చి ఎన్నాళ్లైందో రుజువు చేసుకోవడం నీ నెత్తి మీద. నాది కేఏ, అంటే కర్ణాటక బండే కాబట్టి నాకు పేరు మార్పుకి ఫారం 29, 30, పాత లోన్ తీరిన బ్యాంక్ ఎన్‌ఓసీతో ఫారం 35, అంతే. ఇన్సూరెన్స్ పేరు మార్చుకోవడం చాలామంది మర్చిపోతారు, 14 రోజుల్లోపు చెప్పాలి.

బండి ఇంటికొచ్చాక ముందు చేయాల్సింది మాడిఫికేషన్ కాదు. ఆయిల్, ఫిల్టర్లన్నీ, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ మార్చి బండిని మామూలు స్థితికి తెచ్చుకోవాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, ఎవరూ మార్చరు. చాలామంది "పికప్ లేదు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చడం) చేయించాలి" అనుకునే బండ్లకి ప్లగ్గులు మారిస్తే చాలు.

తర్వాత టైర్లు. అందరూ 17 అంగుళాల అల్లాయ్‌లు వేయమన్నారు. నా బండికి కంపెనీ ఇచ్చింది 195/55 ఆర్16, అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్క గోడ అందులో 55 శాతం, దాదాపు 107 మిల్లీమీటర్లు. రిమ్ పెరిగిన కొద్దీ ఆ గోడ తగ్గాలి, ఔటర్ రింగ్ రోడ్డు మీద వానాకాలం నీళ్ల కింద గుంత ఎంత లోతో ఎవడికీ తెలీదు, గోడ సన్నగా ఉంటే టైరు చీలుతుంది లేదా రిమ్ వంగుతుంది. కొందరు 205/55 వేస్తారు, చక్రం వ్యాసం 11 మిల్లీమీటర్లు పెరిగి బండి సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు లేస్తుంది, హంప్స్‌కి కాస్త మేలు, స్పీడోమీటర్‌లో తేడా 2 శాతం లోపే. నేను మాత్రం కంపెనీ సైజులోనే మిషెలిన్ వేయించా, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్‌తో టైరు కొలతల మీద పంచాయితీ పెట్టుకోలేను. తడి రోడ్డు మీద బ్రేక్ కొట్టినప్పుడు తేడా మొదటి వానకే తెలిసింది.

అసలు డబ్బు పెట్టింది షాకప్‌ల మీద. పోలో స్పీడు మీద బాగానే కూర్చుంటుంది గానీ పాతబడ్డాక చిన్న గుంతకి కూడా ముందు నుంచి టక్ మని చప్పుడు, వెనక నుంచి గంతు. బిల్‌స్టీన్ కంపెనీ షాకప్‌లలో బీ6 ఉంటుంది, స్టాక్ స్ప్రింగులకే పడుతుంది, బీ8 అయితే కిందికి దించే స్ప్రింగులకి. బండి దించితే ఫొటోలో బాగుంటుంది, మా లేఅవుట్ గేటు దగ్గరున్న హంప్ మీద పొట్ట రాసుకుంటుంది. 165 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌లో ఒక్కటి కూడా వదులుకునేది లేదు. బీ6 వేశాక మొదటి రోజు నెమ్మదిగా పోతే గట్టిగా ఉందే అనిపించింది, కానీ దేవనహళ్లి దాటి హైదరాబాద్ హైవే ఎక్కాక, ఫ్లైఓవర్ జాయింట్ల మీద బండి ఒక్కసారి లేచి ఒక్కసారే కూర్చుంటోంది, ఇదివరకు రెండు మూడుసార్లు ఊగేది. పవర్ ఒక్క గుర్రం పెరగలేదు, కానీ అదే మలుపులో ఇప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టబుద్ధి కావట్లేదు. వెనక డ్రమ్ బ్రేకులు అలాగే వదిలేశా, ముందు ప్యాడ్లు మంచివి వేయించా, ఈ బరువుకి చాలు.

రీమ్యాప్ సంగతి అడుగుతారని తెలుసు. ఈసీయూలో, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్‌లో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), ఇంధనం, స్పార్క్ టైమింగ్ లెక్కలు మారిస్తే 110 గుర్రాలు 130 పైకి పోతాయని ట్యూనర్లు చెప్తారు, అబద్ధం కాదు. మా బామ్మర్ది చేయించుకున్నాడు, నడిపి చూశా, మూడో గేర్‌లో సీటు వెనక్కి నెడుతుంది. కానీ నేను ఆ మూడో గేర్ వేసేది ఎప్పుడు? మారతహళ్లి నుంచి ఆఫీసు దాకా ఫస్టు, సెకండు, ఫస్టు, సెకండు. 1750 ఆర్‌పీఎమ్ నుంచే మొత్తం టార్క్ వచ్చేస్తుంది, ఈ ఊళ్లో ఒక సందు దొరికితే దూరిపోవడానికి అంతకన్నా ఏం కావాలి. పైగా ఎక్కువ టార్క్ పెడితే స్టాక్ క్లచ్ జారడం మొదలవుతుంది, అప్పుడు క్లచ్ మార్చు, ఆపైన ఇంటేక్, ఇంటర్‌కూలర్, ఇది ఆగే ఖర్చు కాదు. చట్టం కూడా చూసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, అదే సంవత్సరం సవరణతో ఒక్కో మార్పుకి 5 వేలు ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు.

ఎగ్జాస్ట్ మార్చినవాళ్లతో నాకు వ్యక్తిగతంగా పడదు, రాత్రి పదకొండింటికి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నిద్రపోయేవాళ్లు కూడా ఉంటారు బాబూ. మామూలు రిఫ్లెక్టర్ హెడ్‌లైట్లలో జేసీ రోడ్డు (ఇక్కడి కార్ల సామాన్ల బజారు) ఎల్ఈడీ బల్బులు పెట్టి ఎదుటివాడి కళ్లు పోగొట్టేవాళ్లతో అసలే పడదు.

మైలేజ్ సిటీలో 11 దాకా, ఊరికి పోయేటప్పుడు 17, 18. అమ్మ మొదటిసారి వెనక సీట్లో కూర్చుని, "ఇంత దుడ్డు పోసి పాత బండి కొంటివి, అది చాలదని కాళ్లు పెట్టుకునేకి కూడా జాగా లేదే, ఇంగ మీ నాయన యాడ కూర్చోవాల?" అంది. నాన్న అప్పటికే ముందు సీటు పూర్తిగా వెనక్కి జరుపుకుని కూర్చుని ఉన్నాడు, ఏం మాట్లాడలేదు. బాగేపల్లి టోల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే మాత్రం, "ఇంకొంచెం తొక్కురా" అన్నాడు.

ఇంక మిగిలిన పని ఇంటేక్ వాల్వుల క్లీనింగ్. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ వాల్వు మీద పడదు కాబట్టి మసి పేరుకుంటుంది, దానికి ఇంటేక్ మానిఫోల్డ్ విప్పాలి. దసరా సెలవుల్లో షెడ్డులో పెడుతున్నా, ఎవరైనా చూడాలంటే ముందే చెప్పండి, పాత షాకప్‌లు కూడా మా బాల్కనీలో ఉన్నాయి, కావాల్సినవాళ్లు అప్పుడే పట్టుకుపోవచ్చు.