ఖాళీ కుర్చీ చాలట!

ఒక ఆర్టిస్టుతో కలిసి కామిక్ రాస్తున్నాను. కథలు రాయడం అలవాటే గానీ ఇది వేరే పని. "అతను కోపంగా లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు" అని కథలో ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఇక్కడ ఏ క్షణాన్ని చూపించాలో ఎంచుకోవాలి. లేవడమా, తలుపా, ముఖమా? మిగతాది రెండు ప్యానెళ్ల (బొమ్మల గడుల) మధ్య పాఠకుడే ఊహించుకుంటాడు.

మా ఆర్టిస్టు ఖాళీ కుర్చీ ఒక్కటే గీసి, నా డైలాగంతా కొట్టేసింది. కాస్త మనసు చివుక్కుమంది. కానీ పేజీ అదిరింది.

1960లలో అమెరికన్ కామిక్స్ కంపెనీ మార్వెల్‌లో రచయిత స్టాన్ లీ క్లుప్తంగా కథ చెబితే, జాక్ కిర్బీ లాంటి ఆర్టిస్టులు పేజీలు గీసేవారు. మాటలు ఆ తర్వాతే. మరి కథ ఎవరిదన్న గొడవ రాకుండా ఉంటుందా? వచ్చింది కూడా! అందుకే మేం పేర్లు పక్కపక్కనే, ఒకే సైజులో వేయాలని ముందే కాగితం మీద పెట్టుకున్నాం. డబ్బు సంగతీ అంతే.

ఇప్పుడు పేచీ అంతా బెలూన్ల (మాటలు రాసే బుడగల) దగ్గర. ముందు మాట్లాడే మనిషి ఎడమవైపు ఉంటే చదవడం తేలిక. ఆ సంగతి స్క్రిప్టులోనే రాయమంటోంది మా ఆర్టిస్టు. సరే, రాస్తున్నా.