భ ర న భ భ ర వ తో ఒక పమిట చెంగు

మన స్కూలు పూర్వ విద్యార్థుల సావనీర్ కి ఏదైనా రాయమని గ్రూప్ లో అడిగారు. అందరూ మాస్టార్ల బెత్తం దెబ్బల గురించే రాస్తారని తెలుసు కాబట్టి నేను దాని జోలికి పోను. మన తెలుగు క్లాసులో నేర్చుకున్న ఛందస్సు ఇప్పుడు నాకు ఎలా అన్నం పెడుతోందో రాస్తా, నవ్వకండి.

తెలీని వాళ్ళ కోసం చెప్తున్నా, నేను హైదరాబాద్ లో చేనేత బట్టలు డిజైన్ చేస్తాను. దీన్ని సస్టెయినబుల్ ఫ్యాషన్ అంటారు గానీ నాకా మాట మీద పెద్ద మోజు లేదు, పాలిస్టర్ అమ్మేవాళ్ళు కూడా ట్యాగ్ మీద అదే వేసుకుంటున్నారు. ఈ మధ్య దానికి తోడు "కవిత్వం నుంచి ఇన్స్పిరేషన్" అని ఇంకో ట్రెండ్ మొదలైంది. అంటే ఏం లేదు, చీర నిండా అక్షరాలు డిజిటల్ ప్రింట్ కొట్టెయ్యడం, కట్టుకున్నాక సగం పద్యం కుచ్చిళ్ళలోకి పోతుంది, మిగతా సగం ఎవరూ చదవరు. శ్రీకాళహస్తి కలంకారీలో కూడా బొమ్మల కింద తెలుగులో కథ రాస్తారు కదా అంటారేమో, అక్కడ అక్షరానికి పని ఉంది, చూసేవాడికి కథ చెప్పాలి. చీర మీద దానికేం పని?

మాస్టారు రాగం తీసి పాడిన పోతన పద్యం గుర్తుందా, "నల్లనివాడు పద్మనయనంబులవాడు", గోపికలు కృష్ణుణ్ణి వెతుక్కుంటూ మల్లెపొదల్ని అడిగేది? దాని మీద చీర చెయ్యమంటే ఎవరైనా ముందు కృష్ణుడి బొమ్మ, పక్కన నెమలి, నాలుగు గోపికలు గీసేస్తారు. కానీ పద్యంలో కృష్ణుడు లేడు కదా! లేడనే కదా వాళ్ళ ఏడుపంతా. కాబట్టి చీర మీద కూడా ఆయన ఉండకూడదు, అసలు బొమ్మే ఉండకూడదు అనుకున్నా. మరి పద్యం ఎక్కడుంటుంది అంటే, మాస్టారు బోర్డు మీద వేసిన గురులఘువుల్లో.

గణాలు గుర్తుపెట్టుకునే యమాతారాజభానసలగం అందరికీ నోటికి వచ్చు, దేనికి వాడాలో పదిమందికి కూడా గుర్తుండదు. ఈ పోతన పద్యం ఉత్పలమాల, గణాలు భ ర న భ భ ర వ, పాదానికి 20 అక్షరాలు, అందులో గురువులు 8, లఘువులు 12. గురువు పలకడానికి రెండు మాత్రల కాలం, లఘువుకి ఒకటి, అంటే పాదానికి 28 మాత్రలు, నాలుగు పాదాలకి 112. నేను చేసిందల్లా లఘువుకి పావు అంగుళం పట్టీ, గురువుకి అర అంగుళం పట్టీ వేసి వాటి మధ్య సన్నగా రంగు వెయ్యని కోరా దారం వదలడం. మొత్తం నాలుగు పాదాలూ మీటరు లోపే వచ్చేశాయి, సరిగ్గా ఒక పమిట చెంగు. పట్టీలన్నీ కరక్కాయ రంగు, మాసిన పసుపులా ఉంటుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పదో అక్షరం కలవడం, దాని కోసం ఆ రెండూ మాత్రం ఎరుపు, పటిక పట్టించి మంజిష్ఠ వేళ్ళతో ఉడకబెట్టిన దారం. ఇక ప్రాస చూడండి, నల్ల, జల్లె, జిల్లె, మల్లి, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో అదే హల్లు, ఆ రెండో పట్టీ నలుపు. చీర మొత్తంలో కృష్ణుడి జాడ అదొక్కటే, నాలుగు సన్నటి నల్ల గీతలు.

ఆ నలుపు మన ఊరు పెడన నలుపే, కసిం. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టి, ఆ కంపు భరించి, కరక్కాయ పట్టించిన దారాన్ని అందులో ముంచుతారు. ఎక్కువ వాడితే ఇనుము గుడ్డని తినేస్తుంది, పాత కలంకారీల్లో నల్ల గీత ఉన్నచోటే ముందు చివికిపోవడం చూసే ఉంటారు. సన్నగా ఉంచడానికి అదో కారణం.

చీర మిగతా ఒళ్ళంతా కోరానే, బ్లీచ్ లేదు, రంగు లేదు, మల్లెపూల కింద లెక్క. నేచురల్ రంగులైతే చాలు నీళ్ళు మిగులుతాయి అని సిటీలో చాలామంది నమ్మకం, పెడనలో పెరిగిన మనకి తెలుసు అది ఎంత అబద్ధమో, కలంకారీ గుడ్డ తయారయ్యేలోపు కాలవకి ఎన్నిసార్లు పోయి వస్తుందో, ఉడకబెట్టడానికి ఎంత కట్టె కాలుతుందో చిన్నప్పుడే చూశాం. నీళ్ళు మిగలాలంటే రంగు తగ్గించాలి, అంతకంటే తెలివైన దారి నాకు కనపడలేదు. ఈ చీరకి పమిట పేకలోకి, అంటే అడ్డంగా నేసే నూలులోకి, వెళ్ళే కాస్త దారానికే రంగు, అది ఒక చిన్న గిన్నెలో అయిపోతుంది.

నేసిన బాబాయ్ సంగతి చెప్పాలి, పేరు రాయనులే, మీలో కొందరికి చుట్టం కూడా. కాగితం చూసి "ఇదేంటమ్మాయ్, పట్టీలు ఒకటి లావు ఒకటి సన్నం, కొనేవాళ్ళు నేత తప్పంటారు" అన్నాడు. నేను పద్యం పాడి, అక్షరం అక్షరానికీ పట్టీ చూపించి, ఎంతో ఉత్సాహంగా వివరించాను. ఆయన అంతా విని "పద్యం బానే ఉంది, నాలుగు నాడెలు మార్చాలి, దానికేం ఇస్తావ్?" అన్నాడు. న్యాయమే కదా, గుంట మగ్గం మీద నాడె, అంటే అడ్డదారం మోసే చెక్క, మార్చిన ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది, సాదా చీర నేసే టైములో ఇది తెమలదు. అందుకే ఈ చీరలకి కూలి మామూలు రేటు కాదు, రోజులు లెక్కగట్టి ఇస్తున్నా, దాంతో రేటు పెరిగి కొందరు కొనట్లేదు, పోనీ. రంగు దగ్గర మిగిలిన ఖర్చు కూలికి పోతే నాకు సమ్మతమే, భూమిని కాపాడతాం అని బోర్డు పెట్టి నేతగాడి కడుపు కొట్టడం నాకు చేతకాదు.

ఇప్పుడు సీసపద్యం మీద పడ్డాను. అది ఉత్పలమాల లాగా బుద్ధిగా ఉండదు, పాదానికి ఆరు ఇంద్రగణాలు రెండు సూర్యగణాలు అంటారే గానీ అందులో ఏ గణం వస్తుందో కవి ఇష్టం, కాబట్టి ఏ రెండు సీసాలకీ ఒకే పమిట రాదు, పైగా ప్రాస నియమం లేదు, నల్ల పట్టీకి చోటు లేదు. సీసం కింద వచ్చే చిన్న పద్యం, తేటగీతిని మాత్రం బ్లౌజ్ ముక్కకి వాడదామని ఉంది. మీలో ఎవరికైనా గణవిభజన ఇంకా గుర్తుంటే ఒకసారి ఫోన్ చెయ్యండి, నేనేసిన లెక్క మగ్గం ఎక్కకముందే ఇంకొకరు చూస్తే మంచిది.