తోమకూడని వెండి

నేను కొన్న మొదటి ప్రూఫ్ నాణెం, అంటే చలామణికి కాక సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించినది, 1880 నాటి ట్రేడ్ డాలర్. చైనా వ్యాపారంలో మెక్సికో వెండి డాలరుకు పోటీగా అమెరికా 1873లో ఈ నాణేన్ని మొదలుపెట్టింది. 1879 నుంచి చలామణికి ముద్రించడం మానేసి, ఫిలడెల్ఫియా టంకశాలలో సేకర్తల కోసం ప్రూఫ్‌లు మాత్రమే చేశారు. 1880లో చేసినవి 1,987.

ట్రేడ్ డాలర్లలో నకిలీలు చాలా ఎక్కువ. అందుకే నా భయమంతా దాని మీదే ఉండేది. వెనకవైపు 420 గ్రెయిన్లు అని బరువు చెక్కి ఉంటుంది, అంటే 27.2 గ్రాములు. తూచి చూశాను, సరిపోయింది. పైగా నిన్న ముద్రించినట్టు తెల్లగా ధగధగలాడుతోంది. ఇంకేం కావాలనుకుని, ఏడాదిపాటు కూడబెట్టిన డబ్బు పెట్టి కొన్నాను.

నాణెం అసలైనదో కాదో చూసి, దాని స్థితికి అంకె వేసే గ్రేడింగుకు పంపితే నెలన్నరకు తిరిగి వచ్చింది. నాణెం అసలైనదే, కానీ ఎప్పుడో ఎవరో శుభ్రం చేశారని చీటీ మీద రాశారు. 60 నుంచి 70 మధ్య రావలసిన అంకె లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు గదిలో ఒక్క దీపమే ఉంచి, భూతద్దం కింద నాణేన్ని మెల్లగా తిప్పాను. అప్పుడు కనిపించాయి, వెంట్రుకల్లాంటి సన్నని గీతలు, అన్నీ ఒకే వైపుకు. ప్రూఫ్ కోసం అచ్చునూ వెండి బిళ్లనూ ముందే నునుపు చేస్తారు కాబట్టి బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది. మెత్తని గుడ్డతో ఒక్కసారి తుడిచినా ఆ అద్దం మీద గీత పడుతుంది. దాన్ని చెరిపే మార్గం లేదు. దుకాణంలో నాలుగు దీపాల వెలుగులో నేను చూసింది ఆ అద్దాన్ని కాదు, తోమిన వెండిని.

తర్వాత రెండేళ్లు ఏమీ కొనలేదు. ప్రదర్శనలకు వెళ్లి, అడిగి, అనుమతి ఇస్తే అంచు పట్టుకుని చూసి ఇచ్చేసేవాణ్ని. పాత కాగితంలోని గంధకం తగిలి నల్లబడిన వెండికీ, రంగు తెప్పించడానికి రసాయనం పూసిన వెండికీ తేడా అలా చూస్తూ చూస్తూనే తెలిసింది. సహజంగా వచ్చిన రంగు అంచు నుంచి లోపలికి మెల్లగా పలచబడుతుంది, దాని కింద మెరుపు సజీవంగా ఉంటుంది.

ఆ తర్వాతే 1887 నాటి అర డాలర్ కొన్నాను. దాని మీద అమెరికా టంకశాల కళాకారుడు క్రిస్టియన్ గోబ్రెక్ట్ గీసిన కూర్చున్న లిబర్టీ, అంటే స్వేచ్ఛకు ప్రతీకైన స్త్రీ, బొమ్మ. ఆ ఏడాది ప్రూఫ్‌లు 710 మాత్రమే. అంచున నీలం, లోపల బూడిద రంగు. దీపం కింద వంచితే ఆ బూడిద రంగులోంచి అద్దం తొంగి చూస్తుంది.

వీడియోలో అమ్మకు చూపించాను. "ఇంత నల్లగా ఉందేమిటి నాన్నా, కాస్త విభూతితో రుద్దరాదూ?" అంది. పండగ ముందురోజు వెండి కుందులు ఆమె చేతిలో ఎలా మెరిసేవో నాకు తెలుసు.

"దీన్ని మాత్రం వద్దమ్మా" అన్నాను. 130 ఏళ్లకు పైగా ఎవరూ దీన్ని రుద్దలేదని చెప్పాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ ఒకసారి తిప్పి చూపించమంది.